రౌండ్లు కొట్టిస్తే గుండె గట్టిపడుతుందా?

కరీంనగర్ జిల్లా చొప్పదండిలో ఫుట్‌బాల్ ఆడే పిల్లల కన్నా ఊరికే ఉరికే యువకులే ఎక్కువ. పోలీసు నోటిఫికేషన్ వస్తుందన్న మాట పుట్టిందంటే చాలు, తెల్లవారకముందే కరీంనగర్ రోడ్డు మీదా బడి గ్రౌండ్లలోనూ బూట్ల చప్పుడు మొదలవుతుంది. 2022 నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. అప్పటినుంచి ఆ సెకన్లే ఈ పిల్లల నోట జపం. నెల రోజులు ఉరికిన కుర్రాణ్ణి ఆపి ఏమొచ్చిందని అడిగితే, ‘దమ్ము పెరిగింది సార్, భయం పోయింది’ అంటాడు. దమ్ము పెరగడం ఊపిరితిత్తుల సంగతి. దాన్ని కొలవడానికి వాచీ ఉంది. భయం పోవడం ఎలా కొలవాలి? అది నిజంగా పరుగు వల్లే పోయిందా?

ఫుట్‌బాల్ ప్రపంచం ఈ ప్రశ్నను వందేళ్లుగా మోస్తోంది. సీజన్ మొదలయ్యే ముందు నాలుగైదు వారాలు జట్టును వాంతులయ్యేదాకా ఉరికించడం చాలా దేశాల్లో ఆనవాయితీ. ఎందుకింత అని అడిగితే కోచ్ కాళ్ల గురించి తక్కువా, మనసు గురించి ఎక్కువా మాట్లాడతాడు. ఇక్కడ కష్టపడ్డవాడు మ్యాచ్‌లో చేతులెత్తెయ్యడంటాడు. కలిసి కష్టపడ్డవాళ్లు ఒకరినొకరు విడవరంటాడు. అవతలి జట్టు అలిసిపోయాక కూడా మనం పరుగెత్తగలమన్న నమ్మకం వస్తుందంటాడు. మూడింటినీ ఒకే ఊపిరిలో చెప్తాడు గానీ మూడూ వేరువేరు సంగతులు. ఆధారాలు చూసుకుంటూ పోతే చివరిదానికి గట్టి బలం ఉంది, మధ్యదానికి సగం బలం ఉంది. మొదటిది చాలావరకు శిబిరంలో మిగిలినవాళ్లు చెప్పే కథ. వెళ్లిపోయినవాళ్లను ఎవరూ అడగరు.

మన దగ్గర ఫుట్‌బాల్ చరిత్ర తవ్వితే మళ్లీ పోలీసులే కనిపిస్తారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. ఆ జట్టును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయనే భారత జట్టుకూ కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచిన మరుసటి ఏడే, హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1తో చిత్తయ్యారు. చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఆ రోజుల్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలే, అక్కడ ఆడాల్సింది 90. చివరి ఇరవై నిమిషాల కోసం ఒళ్లు ఎన్నడూ తయారు కాలేదు. ఒంటికి తెలియని దానికి మనసు ధైర్యం చెప్పలేదు.

రహీం దీనికి ఏం చేశాడన్నది ఆసక్తికరం, ఎందుకంటే అది ఈ వ్యాసం విషయానికి కాస్త అడ్డం తిరుగుతుంది. ఆయన కఠినుడే, క్రమశిక్షణ విషయంలో రాజీ లేనివాడే. కానీ ఆయన శిష్యులు ముందుగా గుర్తు చేసుకునేవి రౌండ్లు కావు. డ్రిబ్లింగ్ నిషేధించి ఆడించిన పోటీలు, బలం లేని కాలితోనే కొట్టాలన్న నిబంధనతో పెట్టిన మ్యాచ్‌లు, బంతి వచ్చిన వెంటనే వదిలేయమన్న ఆదేశం. కుడికాలి ఆటగాడిని గంటసేపు ఎడమకాలితోనే ఆడమంటే అంతకు మించిన శిక్ష లేదు. ఒళ్లూ అలుస్తుంది, అహమూ అలుస్తుంది. పైగా ఆ గంట చివర చేతిలో ఒక విద్య మిగులుతుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం, రహీం ఇచ్చిన డబ్బుతో కిరాయి సైకిల్ తీసుకుని శిక్షణకు వచ్చేవాడని చెప్పుకుంటారు. ముందు అంత దూరం సైకిల్ తొక్కడం, ఆ తర్వాత ఆట, తిరిగి ఇంటికి మళ్లీ సైకిల్. ఇప్పటి ఫిట్‌నెస్ కోచ్ దాన్ని కాగితం మీద పెడితే సొగసైన ప్రణాళిక అవుతుంది.

1956 మెల్‌బోర్న్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో పోయింది. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం అంతా మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన అధికారి ఒకరు తప్పుపట్టారన్న కోపం ఆ జనానిది. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరం నుంచి తేరుకుంటున్నాడు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు. అతన్ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు రహీం. 2-1తో గెలిచాం, పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. ఏడాది తిరగకముందే, 1963లో, క్యాన్సర్‌తో రహీం పోయాడు.

ఈ ఫైనల్‌ను గుండెధైర్యానికి నిదర్శనంగా చెప్పడం మనకు అలవాటు. నిజమే. కానీ ఆ ధైర్యం దేనిమీద నిలబడింది? తలకు కుట్లున్నవాడు ఫార్వర్డ్‌గా వెళ్తే వెనక ఎవరు ఏ జాగా కప్పాలో మిగతా పదిమందికి తెలుసు. 0-2తో ఓడిన జట్టు మీదే పది రోజుల్లోపు మళ్లీ నిలబడ్డారంటే, ఏం మార్చుకోవాలో అర్థమైంది కాబట్టే. కష్టమైన శిక్షణ లోపలెక్కడో ఇనుప గుండె తయారు చేస్తుందని కాదు. ఏ పరిస్థితిలో ఏం చెయ్యాలో ఒంటికి ముందే తెలిసి ఉండడం వల్ల భయానికి చోటు తగ్గుతుంది. మనస్తత్వ శాస్త్రంలో ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పింది దీనికి దగ్గరగా ఉంటుంది. ఒక పని చెయ్యగలనన్న నమ్మకం మాటలతో కన్నా, పక్కవాణ్ణి చూసి కన్నా, తానే ఆ పని చేసి గెలిచిన అనుభవంతోనే ఎక్కువగా వస్తుందని ఆయన వాదన. పోలీసు కుర్రాడి భయం పోవడం వెనక ఉన్నదీ ఇదే. మొదటి వారం 8 నిమిషాలు దాటినవాడు నాలుగో వారం 7 నిమిషాల 10 సెకన్లకు వస్తే, ఎవరూ ధైర్యం చెప్పనక్కర్లేదు. వాచీయే చెప్తుంది.

ఇక కలిసి కష్టపడడం సంగతి. దీని మీద నచ్చే ప్రయోగాలు కొన్ని ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పడవ పందేల జట్టులోని 12 మందిని యంత్రం మీద ఒంటరిగా ఒకసారి, జట్టుగా ఒకసారి తెడ్డు వేయించారు. శ్రమ రెండుసార్లూ ఒకటే. తర్వాత చేతికి బీపీ పట్టీ బిగించి నొప్పి ఎంతవరకు ఓర్చుకుంటారో చూశారు. కలిసి తెడ్డు వేసిన రోజున ఓర్పు చాలా ఎక్కువగా కనిపించింది. 2010లో అచ్చయిన ఈ ఫలితాన్ని, అందరూ ఒకే లయలో కదిలినప్పుడు ఒంట్లో ఎండార్ఫిన్లు ఎక్కువగా విడుదలవుతాయని వివరించారు. 2014లో బ్రాక్ బాస్టియన్ బృందం ఇంకో రకంగా చూసింది. కొన్ని చిన్న గుంపుల చేత ఐసు నీళ్లలో చేతులు పెట్టించారు, ఒక ప్రయోగంలో ఘాటైన మిరపకాయలు తినిపించారు. మిగతా గుంపులకు ఆ బాధ లేదు. బాధ పంచుకున్నవాళ్లు తర్వాత ఆడిన ఆటలో ఒకరికొకరు ఎక్కువగా సహకరించారు. గుంటూరు, వరంగల్ మిరప మార్కెట్లున్న మనకు ఈ సంగతి చెప్పడానికి అంత దూరం నుంచి శాస్త్రవేత్తలు రావాలా అనిపిస్తుంది గానీ, కొలిచి చెప్పడం వేరు.

చొప్పదండి జవహర్ నవోదయలో చదివిన వాళ్లను కదిపినా ఈ మాటే వస్తుంది. నవోదయల్లో ఆరో తరగతి నుంచి హాస్టలే, పొద్దున్నే పీటీ. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌసులు. చలికాలం తెల్లవారుజామున నిద్రకళ్లతో లైను కట్టినవాడు పాతికేళ్ల తర్వాత కూడా ‘మా హౌస్’ అంటాడు. లెక్కల పాఠం మరిచిపోయి ఉంటాడు గానీ పీటీ లైన్లో పక్కన నిలబడ్డవాడి పేరు మరువడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి: ఆ చలి అందరికీ ఒకటే. వెనకబడ్డవాడికి వేరే చలి లేదు.

అయితే ఇదే చోట శాస్త్రం ఒక ఇబ్బందికరమైన మాట కూడా చెప్తుంది, కోచ్‌లు దాన్ని వినిపించుకోరు. 1959లో ఎలియట్ అరాన్సన్, జడ్సన్ మిల్స్ ఒక ప్రయోగం చేశారు. 63 మంది కాలేజీ అమ్మాయిలను ఒక చర్చా బృందంలో చేర్చుకుంటామన్నారు. కొందరికి చేరే ముందు సిగ్గుపడేలా చేసే కఠిన పరీక్ష పెట్టారు, కొందరికి తేలికపాటి పరీక్ష, కొందరికి ఏమీ లేదు. తర్వాత వినిపించిన చర్చ కావాలనే నీరసంగా, విసుగు పుట్టేలా తయారు చేసింది. కఠిన పరీక్ష దాటినవాళ్లే దాన్ని అందరికన్నా బాగుందన్నారు. అంత కష్టపడి చేరింది పనికిమాలిన చోటని ఒప్పుకోవడానికి మనసు ఒప్పదు. 1966లో విద్యుత్ షాకులతో ఇంకొకరు ఇదే చూస్తే దాదాపు ఇలాగే తేలింది.

దీన్ని ఫుట్‌బాల్‌కు తెచ్చి చూడండి. ‘ఆ శిబిరంలో చచ్చిపోయాం అనుకున్నాం, కానీ అదే మమ్మల్ని జట్టుగా చేసింది’ అని ఇరవై ఏళ్ల తర్వాత ఆటగాడు చెప్తే, శిబిరం పనిచేసిందనడానికి అది సాక్ష్యం కాదు. పనిచేయకపోయినా అతను అదే మాట అంటాడు. జట్టు ఐక్యతపై పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన మల్లెన్, కాపర్ 1994లో ఇంకో చిక్కు ముడి విప్పారు. ఐక్యత వల్ల గెలుపు రావడం కన్నా గెలుపు వల్ల ఐక్యత రావడమే బలంగా కనిపిస్తోందన్నారు. పైగా ఐక్యతలో పనికొచ్చేది స్నేహం కన్నా పని మీద ఉన్న పట్టుదల. అంటే రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర పాటలు పాడుకున్నంత మాత్రాన ఆదివారం డిఫెన్స్ లైను కలిసి కదలదు.

మిగిలినవాళ్ల కథల్లో అన్నిటికన్నా పేరున్నది అమెరికాది, అదీ వాళ్ల రకం ఫుట్‌బాల్‌ది. 1954లో టెక్సస్ ఎ అండ్ ఎం కోచ్ బేర్ బ్రయంట్ తన జట్టును జంక్షన్ అనే చిన్న ఊరికి తీసుకుపోయి, కరువు ఎండలో పది రోజులు నలిపేశాడు. నీళ్లు తాగనివ్వలేదు. రాత్రుళ్లు చెప్పాపెట్టకుండా చాలామంది పారిపోయారు. మిగిలిన కొద్దిమందిపై పుస్తకం వచ్చింది, టీవీ సినిమా వచ్చింది. 1956లో ఆ జట్టు తమ సమాఖ్య విజేత కూడా అయింది. కానీ ఆ శిబిరం జరిగిన 1954 సీజన్లో ఎన్ని గెలిచారు? ఒకటి. ఓడింది తొమ్మిది. రెండేళ్ల తర్వాత వచ్చిన గెలుపును పది రోజుల దాహం ఖాతాలో రాసేశారు, మధ్యలో కొత్తగా చేరిన ఆటగాళ్లను లెక్కలోంచి తీసేశారు.

దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు 2003 ప్రపంచకప్పుకు ముందు ‘కాంప్ స్టాల్‌డ్రాడ్’ అని సైనిక తరహా శిబిరం పెట్టింది. ఆటగాళ్లను బట్టలు విప్పించి గోతుల్లో కూర్చోబెట్టారు, గడ్డకట్టే నీళ్లలోకి దించారు. ఫొటోలు బయటపడ్డాక దేశమంతా తలదించుకుంది. క్వార్టర్ ఫైనల్లో న్యూజిలాండ్ వాళ్లను 29-9తో ఇంటికి పంపింది. కోచ్ రాజీనామా చేశాడు. జర్మనీలో మెడిసిన్ బంతులతో, గుట్టలెక్కించే పరుగులతో ఆటగాళ్లను హడలగొట్టే ఫెలిక్స్ మాగత్ 2009లో వోల్ఫ్స్‌బర్గ్‌ను బుండెస్‌లీగా విజేతను చేశాడు. అదే మనిషి 2014లో ఇంగ్లండ్ వెళ్లి ఫుల్‌హామ్‌ను దిగువ డివిజన్‌లో పడకుండా ఆపలేకపోయాడు. 2022 జులైలో టోటెన్‌హామ్ జట్టు సియోల్ ఎండలో పరుగుల తర్వాత నేలమీద పడిపోయిన దృశ్యాలు లోకమంతా చూసి, ఇక ఈ ఏడు వీళ్లదే అంది. ఆ సీజన్లో వాళ్ల స్థానం ఎనిమిది.

ఇవన్నీ చెప్పి కఠిన శిక్షణ దండగ అని తేల్చేస్తే అది కూడా తప్పే. ఎందుకంటే అదే దక్షిణ కొరియాలో ఇరవై ఏళ్ల ముందు జరిగింది ఇంకో కథ.

డచ్ కోచ్ గూస్ హిడింక్ 2001లో దక్షిణ కొరియా జట్టును చేపట్టినప్పుడు అక్కడ అందరిదీ ఒకటే మాట: మావాళ్లకు దమ్ము, పట్టుదల ఉన్నాయి, లేనిదల్లా నైపుణ్యమే. హిడింక్ చూసి తలకిందులుగా చెప్పాడు. నైపుణ్యం ఫర్వాలేదు, రెండు కాళ్లతోనూ ఆడుతున్నారు, 90 నిమిషాలు అదే జోరుతో ఆడే ఒళ్లే లేదన్నాడు. కొరియావాళ్లకు ఇది అవమానంగా తోచింది. ఆ ఏడాది ఫ్రాన్స్ చేతిలో 0-5, చెక్ రిపబ్లిక్ చేతిలో 0-5 ఓడేసరికి పత్రికలు ఆయనకు ‘ఐదు-సున్నా’ అని ముద్దుపేరు పెట్టాయి. ఆయన మారలేదు. దేశవాళీ క్లబ్బులు ఆటగాళ్లను నెలల తరబడి శిబిరానికి వదిలాయి. రేమండ్ వెర్‌హైయెన్ అనే ఫిట్‌నెస్ కోచ్ వచ్చాడు. 20 మీటర్ల గీతల మధ్య బీప్ మోగేకొద్దీ వేగం పెంచుతూ ఉరికే షటిల్ పరీక్ష మళ్లీ మళ్లీ పెట్టారు. ఎవరు ఎంతదాకా వెళ్లారో అంకెల్లో ఉంటుంది. కిందటి నెల తన అంకె ఎంత, ఇప్పుడు ఎంత అని ప్రతివాడికీ తెలుసు.

2002 ప్రపంచకప్పు ప్రీ క్వార్టర్స్‌లో ఇటలీపై 88వ నిమిషంలో సోల్ కి హ్యోన్ స్కోరు సమం చేశాడు, 117వ నిమిషంలో ఆన్ జంగ్ హ్వాన్ గోల్డెన్ గోల్ కొట్టాడు. తర్వాత స్పెయిన్‌తో 120 నిమిషాలు ఆడి పెనాల్టీల్లో గెలిచారు. రిఫరీలు వాళ్లకు సాయం చేశారని ఇటలీ, స్పెయిన్ వాళ్లు ఇప్పటికీ తిడతారు, అందులో కొంత న్యాయం లేకపోలేదు. సొంత దేశం, ఎర్ర చొక్కాల సముద్రం, అవీ ఉన్నాయి. అయినా 117వ నిమిషంలో తలతో బంతి కొట్టడానికి గాల్లోకి లేచినవాడి కాళ్లను ఏ రిఫరీ లేపలేదు. అవతలివాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుంటుంటే మనవాడు ఇంకా ఉరుకుతున్నాడని చూసిన జట్టుకు వచ్చే ధైర్యం వేరు. కొరియాకు దొరికిన మానసిక లాభం ఇది. దాని మూలం బాధ కాదు, అంకె.

ఒళ్లు మెరుగుపడితే ఆట ఎంత మారుతుందో నార్వేలో హెల్గెరూడ్ బృందం 2001లో చూపించింది. జూనియర్ ఆటగాళ్ల చేత వారానికి రెండుసార్లు, నాలుగేసి నిమిషాల గట్టి పరుగులు నాలుగు చొప్పున, ఎనిమిది వారాలు చేయించారు. మ్యాచ్‌లో వాళ్లు తిరిగిన దూరం 20 శాతం పెరిగింది, స్ప్రింట్లు రెట్టింపయ్యాయి, బంతిని తాకడం కూడా పెరిగింది. ఆ కుర్రాళ్లకు కొత్తగా ఎవరూ ధైర్యం నూరిపోయలేదు. బంతి దగ్గరికి ముందు చేరుకునేవాడికి బంతి మీద భయం ఉండదు, అంతే.

మరి పరుగే పెట్టాలా? ఇటలీలో ఇంపెల్లిజెరి బృందం 2006లో జూనియర్లను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి వట్టి పరుగులు, ఇంకో భాగానికి చిన్న మైదానంలో కొద్దిమందితో బంతి ఆటలు పెట్టింది. సీజన్‌కు ముందు 4 వారాలు, సీజన్లో 8 వారాలు. ఫలితం రెండువైపులా దాదాపు సమానం. ఇది చిన్న సంగతి కాదు. బంతి లేకుండా వచ్చే దమ్మే బంతితోనూ వస్తుందంటే, బంతి లేకుండా ఉరికించడానికి మిగిలే పెద్ద కారణం ఒక్కటే, మానసికం. అలా అయితే ఆ మానసిక లాభం ఎక్కడుందో కోచ్ చూపించాలి. బంతితో అలిసినవాడి కన్నా వట్టి పరుగుతో అలిసినవాడు ఎందులో ధీరుడయ్యాడో నాకైతే కనబడలేదు. కొలత తేలిగ్గా ఉంటుందన్న ఒక్క సౌలభ్యం మాత్రం పరుగుకు ఉంది. అది చిన్నదేమీ కాదు.

కఠినత్వం ఎక్కువైతే మనసుకు ఏమవుతుందో విలియం మోర్గన్ పదేళ్లపాటు దాదాపు 400 మంది ఈతగాళ్లను చూసి 1987లో రాశాడు. శిక్షణ భారం పెరిగేకొద్దీ కోపం, దిగులు, నీరసం పెరుగుతూ పోయాయి, భారం తగ్గించగానే దిగివచ్చాయి. అంటే శిబిరం మధ్యలో ఆటగాడు చిరచిరలాడుతున్నాడంటే వాడు బలహీనుడని కాదు, మోయాల్సిన బరువు అంచుకు వచ్చిందని. ఆ సమయంలోనే చాలామంది కోచ్‌లు ‘ఇంకో ఐదు రౌండ్లు’ అంటారు. దీనికి ఎదురుగా, శిక్ష కూడా మేలు చేయగలదని చూపిన పరిశోధన ఒకటుంది. 2013లో బెల్, హార్డీ, బీటీ ఇంగ్లండ్ యువ క్రికెటర్ల మీద రెండేళ్లు చేశారు. ఒత్తిడి పెట్టారు, విఫలమైతే శిక్ష వేశారు, పిల్లల మానసిక దృఢత్వం నిజంగానే పెరిగింది. కానీ షరతులు చదవాలి. శిక్ష ఏమిటో ముందే చెప్పారు. ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో నేర్పారు. వెనక ఆదరణ ఉంది. మన గ్రౌండ్లలో వీటిలో మొదటి భాగం మాత్రమే దిగుమతి అయింది.

నేను చూసిన ఒక వేసవి శిబిరం సంగతి. పన్నెండేళ్ల పిల్లాడు ప్యాంటు ఎగదోసుకుంటూ వెనకబడ్డాడు. పిక్క పట్టేసింది, వంగి పట్టుకున్నాడు. ‘ఏం రా, గప్పుడే అయిపోయినవా?’ అన్నారు పీఈటీ సార్. అందరూ నవ్వారు. వాడికి అదనంగా రెండు రౌండ్లు పడ్డాయి. మిగతా పిల్లలు నీడలో అరటిపండ్లు తింటుండగా వాడొక్కడే ఎండలో తిరిగాడు. పై ప్రయోగాలన్నీ కలిపి, ఏది చెయ్యకూడదో చూపించమంటే ఆ రెండు రౌండ్లే చూపిస్తాను. కష్టం పంచుకున్నది కాదు, వాడొక్కడిది. దానికి అంకె లేదు, చివర విద్య లేదు. పరుగు అంటే అవమానం అని మాత్రం వాడికి గట్టిగా తెలిసింది. పరుగును శిక్షగా వాడిన రోజు నుంచి అది శిక్షణగా పనికిరాదు. జట్టులో నెమ్మదైనవాడే ఎప్పుడూ ఆ శిక్ష మోస్తాడు, అసలు ఎక్కువ సాయం కావాల్సింది వాడికే.

సీజన్‌కు ముందు బాగా సిద్ధమైతే గాయాలు తగ్గుతాయన్నది మనసుకు కూడా సంబంధించిన సంగతే. యూరప్ పెద్ద క్లబ్బులను పదిహేనేళ్లు గమనించి ఎక్‌స్ట్రాండ్ బృందం 2020లో ప్రచురించిన లెక్క ప్రకారం, ముందస్తు శిక్షణ సెషన్లు ఎక్కువ చేసిన జట్లకు సీజన్లో గాయాల భారం కొంత తక్కువ. ఆ తేడా పెద్దది కాదు. గమనించాల్సింది సెషన్ల సంఖ్య గురించి, వాటి కఠినత్వం గురించి కాదు. ఎక్కువ రోజులు, కొద్దికొద్దిగా. పది రోజుల జంక్షన్‌కు ఇది సరిగ్గా ఎదురు దారి.

ఇక మన ఎండ. యూరప్ పుస్తకాలు చదివి చొప్పదండిలో శిబిరం పెట్టేవాళ్లు మొదట చూడాల్సింది క్యాలెండర్. అక్కడ సీజన్‌కు ముందు అంటే జులై. ఇక్కడ బడులు జూన్ 12న తెరుస్తారు, ఆ తర్వాత మండల, జిల్లా పోటీలు మొదలవుతాయి కాబట్టి ముందస్తు శిక్షణ అంటే మే నెల వేసవి శిబిరమే. పక్కనున్న రామగుండంలో మేలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం, బండరాళ్ల నేల. చొప్పదండి కొంచెం నయం, అంతే. అమెరికాలో 2001 ఆగస్టులో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ శిక్షణ శిబిరంలో వడదెబ్బతో చనిపోయాడు. కోట్ల జీతం తీసుకునే, డాక్టర్లు చుట్టూ ఉండే మనిషి. 2009లో అక్కడి అథ్లెటిక్ ట్రైనర్ల సంఘం హైస్కూళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది: ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి 14 రోజులు, మొదటి రోజుల్లో రోజుకొక్కసారే, బరువు నెమ్మదిగా పెంచాలి. ఎండకు అలవాటుపడే ఒంట్లో రక్తంలోని నీరు పెరుగుతుంది, చెమట ముందుగా పడుతుంది. ఇవి రోజుల లెక్కన జరిగే మార్పులు, పట్టుదలతో తొందరపెడితే జరగవు.

‘ఉరికేటప్పుడు నీళ్లు తాగితే కడుపులో పట్టేస్తది’ అన్న మాట ఇప్పటికీ గ్రౌండ్ల మీద వినిపిస్తుంది. దాహం ఓర్చుకోవడాన్ని గుండెధైర్యం కింద లెక్కగట్టడం జంక్షన్ నుంచి మన దాకా ఒకేలా ఉంది. నీళ్లు తక్కువైన ఒళ్లు నిర్ణయాలు సరిగా తీసుకోదు. అమెరికా సైన్యం మీద లీబర్‌మన్ బృందం 2005లో చేసిన అధ్యయనంలో నిద్రలేమి, వేడి, నీటి కొరత, ఆకలి కలిసినప్పుడు ఏరికోరి తీసుకున్న సైనికుల ఆలోచన, జ్ఞాపకం, మనస్థితి దారుణంగా పడిపోయాయి. ఆ స్థితిలో ఎవరూ ధైర్యం నేర్చుకోరు, బయటపడడం తప్ప ఇంకోటి తోచదు.

మన ప్రాంతం నుంచి దేశ జట్టుదాకా వెళ్లిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి అంటే ఇప్పుడు అందరూ చెప్పే పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌లో చేరింది. ఆడపిల్లలకు కలిసి ఉరకడం ఇంకో రకంగా పనికొస్తుందని నా అభిప్రాయం. ఒక్క అమ్మాయి పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ పరుగెడితే ఊరంతా చూస్తుంది, పదిమంది కలిసి ఉరికితే అది శిక్షణ అవుతుంది. ఇక్కడ గుంపు ఇచ్చే ధైర్యానికి ఎండార్ఫిన్ల లెక్క కూడా అక్కర్లేదు.

చొప్పదండి లాంటి చోట ఈ పని మొదలుపెట్టేవాళ్లకు ఖర్చు పెద్దగా లేదు. 20 మీటర్ల దూరంలో రెండు గీతలకు సున్నం, బీప్ మోగించడానికి ఒక ఫోను, ప్రతి పిల్లాడికీ ఒక పేజీ ఉన్న నోటుబుక్కు. మే మొదటి వారంలో ఒక అంకె, జూన్ మొదటి వారంలో ఇంకో అంకె, పోల్చేది తన పాత అంకెతోనే, పక్కవాడిదాంతో కాదు. వారానికి రెండు రోజులు గట్టి పరుగు, మిగతా రోజులు ఐదుగురికి ఐదుగురు బంతితో. రహీం పద్ధతిలో ఒక పూట ఎడమకాలితోనే. వెనకబడ్డవాడి పక్కన పరుగెత్తడానికి ఒక సీనియర్‌ను పెట్టాలి, వాడు ముందే రౌండ్లు పూర్తి చేసి నీడకు పోకూడదు. పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడుకల్లా ముగించాలి, కుండలో నీళ్లు గ్రౌండ్ మధ్యలోనే ఉండాలి, అడగకుండా తాగొచ్చని మొదటి రోజే చెప్పాలి.